అరణి నిప్పు, యానాది నిప్పు

బుచ్చిరెడ్డిపాలెం మండలంలో, పెన్న ఒడ్డున ఉన్న జొన్నవాడ కథ నెల్లూరు వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కశ్యప మహర్షి అక్కడ యజ్ఞం చేశాడనీ, ఆయన నిలిపిన మూడు అగ్నుల వెంటే జొన్నవాడ మల్లికార్జునుడు, నరసింహకొండ స్వామి, నెల్లూరు రంగనాయకులు వెలిశారనీ స్థలపురాణం. అదే మండలంలో కోతలు అయిపోయిన వరి మళ్ల గట్ల మీద, ఎలుక కన్నం ముందు కుండ పట్టుకొని వంగి నిప్పు ఊదే యానాదులు ఉన్నారు. వాళ్ల నిప్పుకు స్థలపురాణం లేదు. ఒక నిప్పు పేరు మీద మూడు గుళ్లు ఉండగా, ఇంకొక నిప్పుకు గట్టు మీద బూడిద తప్ప గుర్తు లేదు. అయినా రెండూ కర్ర మీద కర్ర తిప్పి పుట్టించిన నిప్పులే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, విడివిడిగా చదివినప్పుడు కనపడని సంగతులు కొన్ని బయటికి వస్తాయి.

అరణి సంగతి చదువరులకు చాలావరకు తెలిసిందే. బ్రహ్మోత్సవాలకో, ప్రతిష్ఠకో వచ్చే ఆహ్వానపత్రికలో అంకురార్పణ పక్కనే ‘అగ్నిమథనం’ అన్న మాట ఉంటుంది. కింద పెట్టే పలక అధరారణి, మీద తిరిగేది ఉత్తరారణి. జమ్మి చెట్టు మీద మొలిచిన రావి నుంచి తీసిన కొయ్య శ్రేష్ఠమంటారు. శాస్త్రగ్రంథాల్లో ఒక లెక్క ప్రకారం కింది పలక 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం. ఈ అంగుళం వేలి వెడల్పు, స్కేలు మీది అంగుళం కాదు. తిరిగే కదురును పైనుంచి అదిమిపట్టే అడ్డకొయ్య ఓవిలి, చుట్టి లాగే తాడు నేత్రం. కింది అరణి ఊర్వశి, పై అరణి పురూరవుడు, పుట్టే నిప్పు వాళ్ల బిడ్డ ఆయువు. కొయ్యముక్కలకు ఇంత వంశవృక్షం కట్టిన జాతి మరొకటి ఉంటుందా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

యానాదుల పద్ధతిని కాగితం మీద పెట్టినవాళ్లలో ఎడ్గర్ థర్‌స్టన్‌ను ముందు చెప్పుకోవాలి. 1909లో రంగాచారితో కలిసి తెచ్చిన ఏడు సంపుటాల దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో, చివరి సంపుటంలో, యానాదుల నిప్పు గురించి నాలుగు ముక్కలు రాశాడు. రెండు కర్రలు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. పొట్టిదానిలో చదరంగా గుంట తొలుస్తారు. దాన్ని నేలకు గట్టిగా అదిమి, పొడుగు కర్రను ఆ గుంటలో నిలబెట్టి వేగంగా అటూ ఇటూ తిప్పుతారు. కొండరాగి, ఆరె, తడ వంటి చెట్ల కర్రలు పనికొస్తాయి. బొగ్గుపొడి వాడరు, గుడ్డపీలికనో ఎండుటాకులనో అంటిస్తారు. అంతే. అక్కడ వంశవృక్షం లేదు, కొలత లేదు, దేవత పేరు లేదు. అరణికి ఒకే చెట్టు, అదీ మరో చెట్టు మీద మొలిచిన చెట్టు కావాలి. యానాది కర్రకు అడవిలో అందిన నాలుగైదు చెట్లలో ఏదైనా చాలు.

తేడా మొదట కంటపడేది తాడు దగ్గర. తాడు కట్టిన అరణి అచ్చంగా మజ్జిగ కవ్వమే. ఒకరు ఓవిలిని అదిమిపట్టాలి, మరొకరు తాడును ఇటూ అటూ లాగాలి, అలసిపోతే మూడో మనిషి అందుకోవాలి. యజమానుడి భార్య చేతికి తాడు ఇచ్చే సంప్రదాయమూ ఉంది. ఇది ఒంటరి పని కాదు. యానాది పద్ధతిలోనైతే తిప్పడమూ అదమడమూ అవే రెండు అరచేతులు చెయ్యాలి. కర్ర తిరుగుతున్నకొద్దీ చేతులు కిందికి జారుతాయి, అడుక్కి చేరగానే మళ్లీ పైకి ఎగబాకాలి. ఆ ఎగబాకే క్షణంలో కర్ర ఆగితే వేడి చల్లారిపోతుంది. తాడు పని ఓపికను నలుగురికి పంచుతుంటే, అరచేతి పని మొత్తం భారాన్ని ఒక్కడి భుజాల మీద పెడుతుంది. అయితే కొయ్య దగ్గర జరిగేది రెండు చోట్లా ఒకటే. గుంటలో కొయ్య అరిగి పొడి రాలుతుంది, పొడి గోధుమరంగు నుంచి నలుపుకు తిరుగుతుంది, పొగ లేస్తుంది. ఉత్తర ధ్రువం దగ్గర మంచులో బతికే ఇన్యూట్‌లు కూడా తోలు పట్టీని కర్రకు చుట్టి లాగుతూ, పై కొయ్యను పళ్లతో అదిమిపట్టి నిప్పు చేసేవాళ్లు. తాడు అరణికి అంత దూరంలో ఒక తోబుట్టువు ఉంది. చుట్టం ఉన్నంత మాత్రాన ఒకరు ఇంకొకరి దగ్గర నేర్చుకున్నట్టు కాదు. కొయ్యకు ఒకటే స్వభావం, దాన్ని కనిపెట్టిన చేతులు అనేకం.

కాలం విషయంలో రెండు దారులు బాగా దూరం జరుగుతాయి. ఇంట యజ్ఞాగ్నులను మొదట నిలుపుకునే అగ్న్యాధానానికి బ్రాహ్మణుడికి వసంతం, క్షత్రియుడికి గ్రీష్మం, వైశ్యుడికి శరత్తు అని శ్రౌతసూత్రాలు విధించాయి. దానికి చెప్పే కారణాలు వేరైనా, వసంతంలో కొయ్య ఎండి ఉంటుందన్నది మాత్రం కొట్టెయ్యలేని మేలు. యానాదికి ఆ వెసులుబాటు లేదు. నెల్లూరు సీమకు వాన ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో, తుపాన్లతో వస్తుంది. నిప్పు అక్కర కూడా అప్పుడే ఎక్కువ. వసంతం దాకా ఆగమని చలికి ఎవరు చెప్పగలరు? అలాగే ఇంకొక సంగతి. అలా అగ్నులను నిలుపుకున్న ఆహితాగ్ని ప్రయాణం కట్టేటప్పుడు అరణులను తన అగ్ని మీద కాచి, అగ్నిని వాటిలోకి ‘ఆరోపణ’ చేసుకొని, దిగిన చోట మళ్లీ మథిస్తాడు. దాన్ని సమారోపణ అంటారు. అగ్ని కొయ్యలో నిద్రపోతుందన్న భావం ఎంత అందమైనదో, నిప్పు మీద కాచిన కొయ్య తడి వదిలి మథనానికి సిద్ధమవుతుందన్నది అంత నిజం. శ్రద్ధ, ఒడుపు ఒకే పనిలో కలిసిన చోటు అది. రెండింటిలో ఏది ముందు పుట్టిందని అడగడం నాకు అనవసరమనిపిస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మథనం గురించి ఇంత రాసిన మనవాళ్లు, కర్రల గురించి రాసిన థర్‌స్టన్, ఇద్దరూ ఒకే చోట తొందరపడ్డారు. కర్ర తిప్పడం అయ్యాక చేతికి వచ్చేది మంట కాదు. చిటికెడు నల్లపొడి, దాని నడుమ ఆవగింజంత ఎర్రదనం. దాన్ని మంట చెయ్యడమే సగం విద్య. మంట తెప్పించబోయి చేతులు బొబ్బలెక్కినవాళ్లను అడగండి. కర్ర తిప్పడంలో ఓడిపోయినవాళ్లకంటే, పొగ చూసి సంబరపడి, తొందరగా ఊది, రవ్వను చెదరగొట్టుకున్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. థర్‌స్టన్ ఈ ఘట్టాన్ని ‘అంటిస్తారు’ అన్నంతలో దాటేశాడు. పద్ధతులు రాసిన ప్రయోగగ్రంథాలు ఇక్కడ మంత్రం చెబుతాయి కానీ చేతికి ఏం చెయ్యాలో చెప్పవు.

ఆ ఘట్టంలో జరిగేది ఇది. తిప్పడం ఆపాక కూడా పొడి నుంచి తనంత తాను పొగ సన్నగా లేస్తుంటే రవ్వ పడినట్టు. ఆ క్షణంలో చెయ్యవలసిన మొదటి పని ఏమీ చెయ్యకపోవడం. చిన్న రవ్వ తన వేడిని చుట్టూ తేలిగ్గా పోగొట్టుకుంటుంది, కాబట్టి పక్కనున్న పొడి అంటుకొని గడ్డ కట్టేదాకా దాన్ని కదపకూడదు. తర్వాత దాన్ని మెల్లగా పీచు గూట్లోకి దించాలి. యజ్ఞశాలలో దూదో, చిక్కు విప్పిన కొబ్బరి పీచో, ఆరిన పేడ పొడో ఉంటుంది. అడవిలో పాత గుడ్డపీలిక, నలిపిన ఎండుటాకు, తాటి పీచు, సముద్రం పక్క ఊళ్లలో సరుగుడు ఆకు. గూడు వదులుగా ఉంటే రవ్వకు ఆనుకోను ఏమీ ఉండదు, బిగువుగా ఉంటే గాలి ఆడదు. ఎర్రగా మెరుస్తున్నప్పుడు కాలుతున్నది బొగ్గు పైపొర మాత్రమే. మంట అంటే వేరు: పీచు సుమారు 250, 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కినప్పుడు దానిలోంచి వచ్చే వాయువులు గాలిలో కాలడం. ఊదడం వల్ల ఎర్రదనం పెరిగి, ఆ వేడికి పక్క పీచు మాడి, పొగ చిక్కబడుతుంది. ఆ చిక్కటి తెల్లని పొగే మంటకు ముందు వచ్చే కబురు. అప్పటిదాకా సన్నగా, పొడుగ్గా, దూరం నుంచి ఊదాలి. పొగ చిక్కబడ్డాక కొంచెం జోరు పెంచాలి. మన నోటి నుంచి వచ్చే గాలిలో ప్రాణవాయువు బయటి గాలిలోలా 21 శాతం ఉండదు, సుమారు 16 శాతమే ఉంటుంది, తేమ కూడా ఉంటుంది. అయినా రవ్వకు అది చాలు. వేగమూ దిశా ఇవ్వగలిగేది నోరే కనుక.

కాబట్టి ఊపిరి దగ్గరే ఈ రెండు సంప్రదాయాలనూ నిలబెట్టి చూడాలి. ఇక్కడ వైదికవాఙ్మయం నన్ను నిజంగా కదిలిస్తుంది. పుట్టిన అగ్ని మీదుగా యజమానుడు ఊపిరి వదలాలనీ, మళ్లీ ఆ ఊపిరిని లోపలికి తీసుకోవాలనీ శతపథ బ్రాహ్మణం చెబుతుంది. వదలడంతో అగ్నికి ప్రాణం పోస్తాడు, తీసుకోవడంతో అగ్నిని తనలోనే నిలుపుకుంటాడు. దాని పక్కనే ధర్మశాస్త్రాల తగువు ఒకటుంది. మనుస్మృతి నాలుగో అధ్యాయం నోటితో నిప్పు ఊదవద్దంది. వెదురు గొట్టంతో ఊదమన్నవాళ్లు అక్కడి నుంచి వచ్చారు. కర్మప్రదీపం మాత్రం అటునుంచి నరుక్కొచ్చింది: హోమాగ్నిని చేత్తో, చేటతో, విసనకర్రతో రేపకూడదు, నోటితోనే ఊదాలి, ఎందుకంటే అగ్ని పుట్టిందే విరాట్ పురుషుడి నోటి నుంచి, మనువు నిషేధం వంటింటి పొయ్యికి సంబంధించింది అని సర్దింది. ఇలా వందల ఏళ్లు వాదించుకున్న జాతికి ఊదడం చిన్న పని కాదన్న స్పృహ ఉన్నట్టే. ఎంగిలి భయం ఒకవైపు, ప్రాణం పోయాలన్న ఆశ మరోవైపు లాగితే పుట్టిన వాదం ఇది.

యానాది వైపు ఆ వాదం లేదు. నోరు ఉన్నది ఊదడానికే. కానీ అక్కడ ఊపిరికి వైదికుడికి తెలియని ఇంకొక చదువు ఉంది. దాని పేరు ఊదర. కుండ అడుగున చిన్న చిల్లు పెడతారు. లోపల గడ్డి, ఆకు కూరతారు. నిప్పు వేసి, కుండ మూతిని ఎలుక కన్నానికి బిగించి, సందుల్లో మట్టి మెత్తి, అడుగు చిల్లు నుంచి ఊదుతారు. పొగ కన్నం లోపల గదుల్లోకి వెళ్లాలి. ఇక్కడ మంట వస్తే పని చెడినట్టు. గడ్డి భగ్గుమంటే నిమిషంలో బూడిదవుతుంది, పొగ ఆగిపోతుంది, పందికొక్కు ఇంకో కన్నం నుంచి పారిపోతుంది. కనుక ఊదేవాడు రవ్వను చావనివ్వకుండా, మంటగానూ మారనివ్వకుండా, ఆ రెంటి నడుమ సన్నటి గట్టు మీద నడిపించాలి. ఎంత ఊదితే మంట వస్తుందో కచ్చితంగా తెలిసినవాడే మంట రాకుండా ఊదగలడు. మొలగొలుకుల వడ్ల పేరు దేశమంతా మోసిన ఈ మాగాణిలో, ఎలుకలు కన్నాల్లో దాచిన వడ్లను తవ్వి తెచ్చుకోవడం పేద యానాది కుటుంబానికి కోతల తర్వాత దక్కే కొద్దిపాటి పంట. ఆ వడ్ల వెనక ఉన్నది ఈ ఊపిరే.

ఒక చిన్న తేడా నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఊదర పెట్టేవాడు ఊదుతాడు, ముఖం పక్కకు తిప్పుకొని గాలి పీలుస్తాడు, మళ్లీ ఊదుతాడు. ఆరుబయట రవ్వ ఊదే ఎవరికైనా మొదట తెలియాల్సిన జాగ్రత్త అది. నిప్పు మీదే గాలి పీలిస్తే పొగ గొంతులో పడి దగ్గు, ఆ దగ్గుకు రవ్వ చెదరడం. శతపథం చెప్పే యజమానుడు ముఖం తిప్పుకోడు. అగ్ని మీదుగా వదిలిన ఊపిరిని అగ్ని మీదుగానే వెనక్కి తీసుకుంటాడు. ఆయన ఊపిరితిత్తులు ఆ పొగను భరించాలి, ఎందుకంటే అగ్నిని లోపల పెట్టుకోవడం ఆయన ఉద్దేశం. యానాది పొగను బయటే ఉంచుతాడు, ఎందుకంటే ఆయన రోజూ ఊదాలి, సాయంత్రం దాకా ఊదాలి. ఒకరిది జన్మకు ఒకసారి తీసుకునే ఊపిరి, ఇంకొకరిది బతుకు పొడుగునా తీసుకునే ఊపిరి. రెండూ తమ తమ చోట సరైనవే.

ఓటమిని ఎలా తీసుకుంటారన్నది ఇంకో కొలబద్ద. మన ఆంధ్ర వైదికుల్లో ఎక్కువమంది చదువుకునే తైత్తిరీయ శాఖలో, మథించినా అగ్ని పుట్టకపోతే ఏం చెయ్యాలో ఉంది. వేరే అగ్ని తెచ్చుకొని హోమం చెయ్యవచ్చు. అదీ లేకపోతే మేక చెవిలో, బ్రాహ్మణుడి కుడిచేతిలో, దర్భల మీద, చివరికి నీళ్లలో ఆహుతి వెయ్యవచ్చు. ఇది చదివినప్పుడు ఆ గ్రంథకర్తల మీద గౌరవం పెరుగుతుంది. వాళ్లు కర్ర మొండికెయ్యడం చూసినవాళ్లు, మబ్బు పట్టిన పొద్దున తాడు లాగి లాగి అలసినవాళ్లు. అందుకే అగ్ని లేకపోయినా కర్మ ఆగకుండా దారి వేశారు. అడవిలో అలాంటి దారి లేదు. నీళ్లలో వేసిన ఆహుతి దేవుడికి చేరవచ్చు కాని, నీళ్లలో వేసిన గడ్డలు ఉడకవు. ప్రత్యామ్నాయం లేని చోట నేర్పు పదునెక్కుతుంది. ప్రత్యామ్నాయం ఉన్న చోట అర్థం లోతెక్కుతుంది. ఈ మాటతో ఒకదాన్ని ఎత్తి ఇంకొకదాన్ని దించే ఉద్దేశం నాకు లేదు.

నిప్పును ఉంచుకోవడంలోనూ ఇద్దరికీ పొత్తు కుదరదు. ఆహితాగ్ని మూడు అగ్నుల్లో గార్హపత్యం ఆరకూడదు. ఆహవనీయం, దక్షిణాగ్ని దానినుంచే వెలగాలి. ఆహితాగ్ని పోయాక ఆయన అగ్నులతోనే దహనం, యజ్ఞపాత్రలు ఆయన ఒంటి మీదే పెట్టి కాల్చడం. ఇల్లాలు ముందు పోతే ఆ అగ్నులు ఆమెకే చెల్లిపోతాయి. ఒక నిప్పు ఒక దాంపత్యంతో పుట్టి దానితోనే వెళ్లిపోతుంది. కోనసీమలో ఈ కాలంలోనూ అలా బతికిన కుటుంబాల గురించి పరిశోధకుడు డేవిడ్ నైప్ 2015లో ఒక పెద్ద పుస్తకమే తెచ్చాడు. అడవిలో తిరిగే యానాది ఈ రాత్రి నిప్పును పొద్దున వదిలేస్తాడు. రేపు ఇంకోచోట ఇంకో నిప్పు. అయినా యానాదుల బతుకంతా నిప్పు చుట్టూనే తిరిగింది. శ్రీహరికోట దీవి అడవి కట్టెలు మద్రాసు పొయ్యిల్లో కాలాయి. ఆ దీవి తేనె, మూలికలు తెచ్చి ఊళ్లకు ఇచ్చింది వాళ్లే. అదే దీవి మీద 1971 అక్టోబరు 9న రోహిణి రాకెట్టు లేచింది. ఆ రాకెట్ ప్రయోగ కేంద్రం కోసం అక్కడి యానాది కుటుంబాలు తమ తావులు వదిలి వెళ్లవలసి వచ్చింది. దేశంలో పెద్ద నిప్పులు లేచే చోటు, చేతులతో నిప్పు చేసుకోగలిగిన జనం నడిచిన చోటే. ఈ సంగతి నెల్లూరు పిల్లల పాఠాల్లో ఉండాలని నా కోరిక.

ఈ రెండింటి మధ్య ఊళ్లో మూడో నిప్పు ఒకటి ఉండేది, అది ఇద్దరికీ చుట్టమే. దాలిగుంటలో పిడకల మీద పాల కుండ రోజంతా కాగేది. రాత్రి నివురు కప్పి ఉంచిన నిప్పును తెల్లారి ఊదుగొట్టంతో రేపి, చితుకులు వేసి, పొయ్యి రాజేసేవాళ్లు. ఆరిపోతే పక్కింటి నుంచి పిడక మీద నిప్పు తెచ్చుకోవడం. ఇక్కడ గార్హపత్యంలాగే నిప్పు నిలవ ఉంటుంది, మంత్రం లేదు. యానాది నిప్పులాగే ఎండు కంపతో, చేతికందిన చెత్తతో పని జరుగుతుంది, వలస లేదు. మనువు వద్దన్న నోటి ఊదుడును గొట్టంతో తప్పించుకున్నది, కర్మప్రదీపం వద్దన్న చేటనే నిక్షేపంగా వాడుకున్నది ఈ వంటింటి ఆడవాళ్లే. గ్యాసు పొయ్యి వచ్చాక వాళ్ల కళ్లకు పొగ బాధ తప్పింది, అది గొప్ప మేలు. దానితో పాటు రవ్వను చదివే కన్ను కూడా ఒక తరంలో పోయింది.

అగ్గిపెట్టె ఈ కథలో ఎక్కడ దూరిందో చూస్తే ఇద్దరి బంధుత్వం ఇంకా బాగా తెలుస్తుంది. శివకాశిలో 1920ల్లో అగ్గిపుల్లల పని మొదలయ్యాక అది పల్లె దుకాణం దాకా చవగ్గా వచ్చేసింది. అంతకుముందు చుట్ట కాల్చుకునే కాపరి చెకుముకి రాయి, దూది సంచిలో పెట్టుకొని తిరిగేవాడు. అదీ పోయింది. యానాది కర్ర తిప్పడం మానేశాడు, ఊదర గడ్డికి అగ్గిపుల్ల గీస్తాడు. కాని ఊపిరి పని వదల్లేదు, వదిలితే పొగ కన్నంలోకి పోదు. యజ్ఞశాలలో సరిగ్గా దీనికి తిరగబడింది. అక్కడ అగ్గిపుల్ల నిషిద్ధం, అరణి తిప్పడం నిష్ఠగా సాగుతుంది. కాని నేను చూసిన ఉత్సవాల్లో చాలాచోట్ల పొగ లేచి రవ్వ పడగానే పక్కనున్న కర్పూరం బిళ్ల దాని మీదికి చేరుతుంది. కర్పూరం క్షణంలో మంట ఇస్తుంది, భక్తులు చేతులెత్తి దండం పెడతారు, పీచు గూడూ సన్నటి ఊపిరీ అక్కర్లేకుండా పోతాయి. అంటే మొదటి సగాన్ని ఒకరు కాపాడుకున్నారు, రెండో సగాన్ని ఇంకొకరు. నిప్పు పుట్టించడం యజ్ఞశాలలో బతికి ఉంది, నిప్పును పెంచడం వరి గట్టు మీద బతికి ఉంది. ఇద్దరి దగ్గరా ఉన్నది కలిపితేనే పూర్తి విద్య. జొన్నవాడ యజ్ఞశాలకూ బుచ్చిరెడ్డిపాలెం మాగాణి గట్టుకూ మధ్య దూరం ఎంతని?

దూరం మైళ్లలో లేదు. యజ్ఞశాల పందిట్లోకి యానాదికి ప్రవేశం లేని రోజులు మనవే. కొన్ని తావుల యానాదులను నేరస్థ తెగల చట్టం కింద పోలీసు పుస్తకాల్లోకి ఎక్కించిన రోజులు కూడా మనవే. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ రద్దు కోసం, యానాదుల చదువుల కోసం, భూముల కోసం జీవితం పెట్టిన నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య. ఆయన 1962లో యానాదుల మీద రాసిన పుస్తకాన్ని ఈ జిల్లా చదువరులు శ్రౌతసూత్రాల పక్కనే పెట్టుకోవాలని నేనంటాను. థర్‌స్టన్ చూపు మ్యూజియం అధికారిది. మనుషుల కంటే కర్రలు ఆయనకు బాగా కనిపించాయి. రాఘవయ్య చూపు తోటి మనిషిది. ఒకే జనం మీద రాసిన ఇద్దరిలో ఎంత తేడా!

కేరళలోని పాంజాళ్‌లో 1975 ఏప్రిల్‌లో నంబూద్రీలు అగ్నిచయన యాగం చేసినప్పుడు పరిశోధకుడు ఫ్రిట్స్ స్టాల్ బృందం దాన్ని చలనచిత్రంగా తీసింది, 1983లో రెండు పెద్ద సంపుటాలుగా అచ్చువేసింది. ఆ ఓపికలో సగం ఓపిక ఊదర పెట్టే యానాది మీద పెడితే చాలు. కుండలో గడ్డి ఎంత బిగువుగా కూరతాడో, ఏ ఆకు పైన, ఏ ఆకు కింద వేస్తాడో, అడుగు చిల్లుకు పెదవి ఎంత దూరంలో ఉంటుందో, పొగ రంగు ఏ దశలో మారితే ఊపిరి తగ్గిస్తాడో, గాలి తిరిగితే తాను ఎటు తిరుగుతాడో, అన్నీ దగ్గర నుంచి తియ్యాలి. తియ్యడానికి ముందు ఆయన్ని అడగాలి, పనికి తగిన కూలి ఇవ్వాలి, పేరు వెయ్యాలో వద్దో ఆయనే చెప్పాలి. అలాగే కర్పూరం పక్కన పెట్టి, కొబ్బరి పీచులోనే రవ్వను రాజేయగల వృద్ధ సోమయాజుల చేతులనూ అంతే దగ్గర నుంచి తియ్యాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బుచ్చిరెడ్డిపాలెం చుట్టుపక్కల కోతలు సాగుతాయి, వసంతం కూడా అప్పుడే అడుగుపెడుతుంది. రెండు పనులకూ ఒకే కాలం కుదురుతుంది.